22 ఏళ్ళ పరిచర్య తర్వాత నా పక్కన సిద్ధంగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత కాపరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నా వయసు 58. 22 ఏళ్ళుగా ఒకే సంఘానికి కాపరిగా ఉన్నాను. ఈమధ్య నాకు గుండెలో స్టెంట్ వేశారు. మూడు ఆదివారాలు మంచం మీదే ఉన్నాను. మొదటి ఆదివారం బయటి నుంచి ఒక బోధకుణ్ణి పిలిచారు. రెండో ఆదివారం పాటలతో, సాక్ష్యాలతో గడిపేశారు. మూడో ఆదివారం నా పాత ప్రసంగం రికార్డింగ్ పెట్టారు. తర్వాత పెద్దలు నన్ను చూడటానికి వచ్చి "అయ్యగారూ, మీరు లేకపోతే సంఘమే లేదండీ" అన్నారు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎన్ని ప్రసంగాలు చేశానో, ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో, ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చానో! కానీ నేను పడిపోతే వాక్యం పట్టుకుని నిలబడగల మనిషిని ఒక్కణ్ణి తయారు చేయలేదు. ప్రతి ఏడాది మొదట్లో సంఘానికి ఒక 'దర్శనం' ప్రకటిస్తాను, పెద్ద బ్యానర్ కట్టిస్తాం. ఆ మూడు ఆదివారాలూ ఆ బ్యానర్ అక్కడే ఉంది, దాని ప్రకారం ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

మా సంఘంలో మంచి మగవాళ్ళున్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ, భార్యాబిడ్డల్ని చూసుకుంటూ, ఆదివారం వచ్చి వెనక వరసల్లో కూర్చునేవాళ్ళు. వాళ్ళను ఎలా దగ్గరికి తీయాలి? ఎంతమందిని? క్లాసు పెట్టాలా? ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యం అవుతుందా?

లేఖనాల బల్ల

అయ్యగారూ, ముందు దేవుడు మీ ఆరోగ్యాన్ని బాగుచేయాలని ప్రార్థిస్తున్నాను.

మీరు దర్శనం అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. సామెతలు 29:18ని మనం "దర్శనం లేకపోతే జనం నశిస్తారు" అని మీటింగుల్లో చెబుతూ ఉంటాం. అది పాత ఇంగ్లీషు అనువాదం నుంచి మన నోళ్ళలోకి వచ్చిన మాట. మన తెలుగు బైబిల్ తెరిస్తే "దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు" అని ఉంటుంది. హెబ్రీలో అక్కడున్న మాట 'హాజోన్', అంటే ప్రవక్తకు దేవుడు బయలుపరచిన మాట. అదే వచనం రెండో సగం ధర్మశాస్త్రాన్ని అనుసరించేవాడు ధన్యుడంటుంది. ఇది ఆ ఏడాది ప్లాను గురించి చెప్పే వచనం కాదండీ. దేవుడు చెప్పిన మాట జనానికి వినబడకపోతే వాళ్ళు కట్టు తప్పుతారని దాని భావం.

అలా చదివితే మీ బ్యానర్ మీది దర్శనం సంగతి, మనుషుల్ని తయారు చేసే సంగతి రెండూ ఒకటే అవుతాయి. ఆ మాటను మీ తర్వాత ఎవరు చెబుతారు అన్నదే సంఘ దర్శనం. 2 తిమోతి 2:2లో పౌలు తన శిష్యుడు తిమోతికి రాసింది చూడండి: "నీవు అనేక సాక్షుల యెదుట నావలన వినిన సంగతులను ఇతరులకును బోధించుటకు సామర్థ్యముగల నమ్మకమైన మనుష్యులకు అప్పగింపుము." పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, ఆ తర్వాత ఇతరులు. ఒక్క వాక్యంలో నాలుగు తరాలున్నాయి. పైగా ఇది చెరసాలలో, తన మరణం దగ్గరపడిందని తెలిసి రాసిన ఉత్తరం. ఆలస్యం అయిందా అని మీరు అడిగినదానికి నా జవాబు అదే.

'అప్పగించు' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మనకు చెప్పడం అలవాటు. అప్పగించాలంటే మన చేతిలో ఉన్నది వదలాలి.

యువ పరిచారకుడు

అయ్యగారూ, వందనాలు. నా వయసు 27. మీ పోస్టు చదివి చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను.

19 ఏళ్ళప్పుడు నేను ఒక కాపరి గారి దగ్గర చేరాను. "నిన్ను తయారు చేస్తాను" అన్నారు. నాలుగేళ్ళు ఆయన బ్యాగు మోశాను, కారు నడిపాను, మైకులు సర్దాను, ఫోన్లు ఎత్తాను. పని చేసినందుకు నాకు బాధ లేదు. ఎలీషా కూడా ఏలీయా చేతుల మీద నీళ్ళు పోసినవాడే అని 2 రాజులు 3:11లో ఉంది. కానీ ఆ నాలుగేళ్ళలో ఆయన నాతో కూర్చుని ఒక్క అధ్యాయం చదవలేదు. నా ప్రార్థన ఎలా ఉంది, నేను ఏ పాపంతో పోరాడుతున్నాను అని ఒక్కసారీ అడగలేదు. ఒక రోజు మాత్రం అకస్మాత్తుగా స్టేజి ఎక్కించి "నీ టాలెంట్ చూపించు" అన్నారు. బాగా మాట్లాడాను. ఆ తర్వాత గర్వంలో పడ్డాను, ఆ తర్వాత నిజంగానే పడ్డాను. అప్పుడు ఆయన నన్ను ఇంటికి పంపేశారు. మళ్ళీ ఫోన్ చేయలేదు.

నన్ను నిలబెట్టింది సంఘంలో ఎవరూ పట్టించుకోని ఒక రిటైర్డ్ గుమస్తా గారు. ప్రతి శనివారం ఉదయం ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ణి. మార్కు సువార్త చదివేవాళ్ళం, ఒక్కోసారి పది వచనాలు కూడా పూర్తయ్యేవి కావు. తన పెళ్ళయిన కొత్తలో తాను చేసిన తప్పులు కూడా నాకు చెప్పారు. అలా చెప్పిన పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మీరు కుర్రవాళ్ళను దగ్గరికి తీస్తే దయచేసి ఆ గుమస్తా గారిలా తీయండి. నేను అడిగేది అదొక్కటే.

పాస్టరమ్మ

యువ పరిచారకుడు తమ్ముడూ, నీ మాటలు చదివి కళ్ళు చెమర్చాయి. దేవుడు నిన్ను వదల్లేదు.

అయ్యగారూ, మగవాళ్ళ చర్చలో ఒక ఆడమనిషిగా చిన్న మాట. మావారు ముగ్గురు యువకులను తయారు చేయడం మొదలుపెట్టినప్పుడు నేను ఒక్క షరతు పెట్టాను, అది మా ఇంట్లోనే జరగాలని. ఆయన పిల్లల మీద కోప్పడటం, తర్వాత వాళ్ళకు క్షమాపణ చెప్పడం వాళ్ళు చూశారు. నాతో మాట్లాడే తీరు చూశారు. 1 తిమోతి 3లో సంఘ అధ్యక్షుడి అర్హతల్లో బోధించే సామర్థ్యం ఒక్కటే ఉంది, మిగతావన్నీ దాదాపు గుణం, ఇల్లు, పేరు గురించినవే. ఇల్లు చూడకుండా అవి నేర్చుకునేది ఎక్కడ? అపొల్లో అనే బోధకుణ్ణి తమ దగ్గర చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించింది అకుల ఒక్కడే కాదు, ఆయన భార్య ప్రిస్కిల్ల కూడా. కాబట్టి అమ్మగారిని కూడా ఇందులో కలుపుకోండి.

రాత్రి డ్యూటీ

వెనక వరసలో కూర్చునే మగవాళ్ళ గురించి రాశారు కదా సార్. నేను వాళ్ళలో ఒకణ్ణి.

మాకు ఇష్టం లేక వెనక కూర్చోం. వారంలో నాలుగు రాత్రులు డ్యూటీ, పగలు పిల్లల స్కూలు, అప్పుల టెన్షన్. శిష్యత్వ శిక్షణ అని వారానికి మూడు రోజులు క్లాసు పెడితే మేం రాలేం. రాలేకపోయినందుకు సిగ్గుపడి ఆదివారం రావడం కూడా తగ్గిస్తాం. మా సంఘంలో అదే జరిగింది. ఇరవై మందితో మొదలుపెట్టారు, చివరికి పెళ్ళికాని ముగ్గురు కుర్రాళ్ళు మిగిలారు. మిగతావాళ్ళకు దేవుని పని మీద భారం లేదని వేదిక మీద నుంచి అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

నా డ్యూటీ దిగే టైముకు ఎవరైనా వచ్చి అరగంట నాతో నడిస్తే నాకది చాలు. ఇంకొక మాట. పాస్టర్ గార్లు ఎప్పుడూ సంఘ పరిచర్యకే మమ్మల్ని తయారు చేయాలని చూస్తారు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ తప్పుడు లెక్క రాయమంటే ఏం చేయాలో నాకెవరు నేర్పుతారు?

సంఘ పెద్ద

రాత్రి డ్యూటీ బ్రదర్ చెప్పింది నిజం. మార్కు 3:14లో యేసు పన్నెండుమందిని నియమించడానికి మొదట చెప్పిన కారణం వాళ్ళు 'తనతో కూడ' ఉండాలని. ప్రకటించడానికి పంపడం దాని తర్వాతే వస్తుంది.

పెద్దగా నాకు తెలిసింది నెహెమ్యా గ్రంథం ద్వారా చెబుతాను, ఎందుకంటే నేను సివిల్ పనులు చేయించేవాణ్ణి. యెరూషలేము గోడ పని ఎవరూ మొదలుపెట్టకముందే నెహెమ్యా రాత్రిపూట కొద్దిమందితో వెళ్ళి పడిపోయిన గోడను కళ్ళారా చూశాడు. దేవుడు తన హృదయంలో పుట్టించింది అప్పటికి ఎవరికీ చెప్పలేదు. చూసిన తర్వాతే నోరు తెరిచాడు. మూడో అధ్యాయం చాలామంది చదవకుండా దాటేస్తారు, అంతా పేర్ల జాబితా అని. నాకు మాత్రం బైబిల్లో ఇష్టమైన అధ్యాయాల్లో అదొకటి. బంగారపు పనివాళ్ళు, యాజకులు, ఒకాయన తన కుమార్తెలతో కలిసి, ఎవరి వాటా గోడ వాళ్ళు కట్టారు, కొందరైతే సరిగ్గా తమ ఇంటికి ఎదురుగా ఉన్నదే. 52 రోజుల్లో పని పూర్తయింది. నాయకుడి దర్శనం ఒక్కొక్కరి ఇంటి ముందు ఇన్ని మూరల గోడగా మారింది. 'ఈ ఏడాది ఆత్మల కోత' అని బ్యానర్ కడితే నా వాటా గోడ ఏదో నాకెలా తెలుస్తుంది?

లెక్కల విషయం కూడా చెప్పాలి. నెహెమ్యా పన్నెండేళ్ళు అధికారిగా ఉండి తనకు రావలసిన భత్యం తీసుకోలేదు. మీరు తయారు చేసే మనిషికి కానుకల పుస్తకం చూపించండి అయ్యగారూ. ప్రసంగం నేర్పి, డబ్బు దగ్గర ఎలా నడుచుకోవాలో నేర్పకపోతే మీరు సంఘానికి ప్రమాదం తెచ్చినట్టే. ఈ మాట కటువుగా ఉన్నా వెనక్కి తీసుకోను.

కాపరి కొడుకు

ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న నేనే అడుగుతాను. అయ్యగారూ, మీకు కొడుకున్నాడా?

మా నాన్నగారు కాపరి. నన్ను అడగకుండానే నేనే తర్వాతి కాపరినని పదేళ్ళ వయసు నుంచి అందరితో చెప్పారు. నాకు ఆ పిలుపు లేదు. నేను లెక్కల టీచర్‌ని, దేవుణ్ణి ప్రేమిస్తాను, ఆదివారం బడిలో పిల్లలకు చెబుతాను. కానీ ఆ కుర్చీ నాదని అందరూ అనుకున్నంత కాలం సంఘంలో ఇంకే యువకుడూ ముందుకు రాలేదు. వాళ్ళకు అక్కడ చోటు లేదని వాళ్ళకు తెలుసు.

సమూయేలు గురించి ఆలోచిస్తుంటాను. ముసలివాడయ్యాక తన కొడుకులు యోవేలును, అబీయాను న్యాయాధిపతులుగా పెట్టాడు. వాళ్ళు లంచాలు తీసుకున్నారు. జనం రాజు కావాలని అడగడానికి అదే సాకయింది. అదే సమూయేలు చిన్నప్పుడు యాజకుడైన ఏలీ దగ్గర ఎలా పెరిగాడు? రాత్రి పిలుపు వినబడి మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ "నా దగ్గరికి రా" అనలేదు. వెళ్ళి పడుకో, ఈసారి పిలిస్తే 'యెహోవా, నీ దాసుడు ఆలకిస్తున్నాడు' అను, అని చెప్పాడు. ఆ కుర్రవాడు విన్న మొదటి మాట ఏలీ ఇంటి మీద తీర్పే. దాన్ని కూడా దాచకుండా చెప్పమన్నాడు. ఏలీ తన కొడుకుల్ని అదుపు చేయలేకపోయాడు, నిజమే. కానీ ఇంకొకరి కొడుకును దేవుని స్వరం వైపు తిప్పాడు. మంచి గురువు ఏం చేయాలో నాకు అక్కడ కనబడింది.

వేదిక నిర్వాహకుడు

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క మనవి: ఎవరూ సంఘాల పేర్లు, కాపరుల పేర్లు రాయవద్దు. ఇప్పటివరకు ఎవరూ రాయలేదు, అలాగే కొనసాగించండి.

పాత కాపరి

అందరికీ కృతజ్ఞతలు. ప్రతి పోస్టూ రెండేసి సార్లు చదివాను.

కాపరి కొడుకు బాబూ, నాకు ఇద్దరూ ఆడపిల్లలే. అయినా నీ ప్రశ్న నన్ను తాకింది. అల్లుడొస్తే అతనికి అప్పగించవచ్చని మనసులో ఒక మూల నేను అనుకున్న మాట నిజం. దేవుని ముందు ఒప్పుకుంటున్నాను.

యువ పరిచారకుడు తమ్ముడూ, నీకు జరిగిన దానికి ఒక కాపరిగా క్షమాపణ అడుగుతున్నాను. నేను కూడా ఒకరిద్దరిని అలాగే వాడుకున్నాననిపిస్తోంది. అందులో ఒకరికి నిన్న ఫోన్ చేశాను.

ఇప్పుడు నా భయం చెబుతాను. అందరూ దగ్గరగా ఉండమంటున్నారు. 140 కుటుంబాలున్న సంఘంలో కొద్దిమందితో గడిపితే మిగతావాళ్ళు పక్షపాతం అంటారు. రెండోది, ఎవరినైనా నిలబెట్టి, అతను తప్పు చేస్తే సంఘానికి దెబ్బ. మూడోది రాయడానికి సిగ్గుగా ఉంది. వాళ్ళు నాకంటే బాగా చెబితే?

లేఖనాల బల్ల

మూడోది రాయగలిగారు కాబట్టి సగం బరువు దిగినట్టే. బర్నబాను చూడండి. అందరూ సౌలుకు (తర్వాత పౌలు అయినది ఆయనే) భయపడుతున్నప్పుడు అతని చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే. అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సుకు వెళ్ళి వెతికి మరీ తీసుకొచ్చాడు. మొదట అపొస్తలుల కార్యాల్లో 'బర్నబాయు సౌలును' అని ఉంటుంది. 13వ అధ్యాయం దాటేసరికి ఎక్కువగా 'పౌలును బర్నబాయు' అవుతుంది. బర్నబా దాని గురించి నొచ్చుకున్నట్టు ఒక్క మాట కూడా లేదు. తర్వాత మార్కు విషయంలో ఇద్దరికీ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు. మధ్యలో వదిలి వెళ్ళిపోయిన మార్కును బర్నబా మళ్ళీ వెంటబెట్టుకున్నాడు. చివరికి పౌలే, మార్కును తీసుకురమ్మని, అతను పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు. పడినవాణ్ణి ఏం చేయాలన్న మీ రెండో భయానికి కూడా జవాబు ఇందులోనే ఉంది.

పక్షపాతం సంగతి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని కిడ్డర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్‌టర్ అనే కాపరి ఉండేవాడు. ఆయన, ఆయన సహాయకుడు కలిసి సోమ, మంగళవారాల్లో కుటుంబాలను ఒక్కొక్కటిగా కలిసి మాట్లాడేవాళ్ళు. వారానికి పదిహేను దాకా అయ్యేవి. పదేళ్ళు ప్రసంగాలు విన్నా అర్థం కాని కొందరికి అరగంట దగ్గరగా మాట్లాడితే తెలిసిందని ఆయనే రాశాడు. జాన్ వెస్లీ గారి క్లాసు కూటాలు ఇంకో దారి. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందికి ఒక నాయకుణ్ణి పెట్టి వారానికొక పెన్నీ వసూలు చేయమన్నారు. ఇంటింటికీ వెళ్ళిన ఆ నాయకులకు వసూలుతో పాటు జనం బతుకులు కూడా తెలిశాయి. ఆ తర్వాత అదే కాపుదలకు ఏర్పాటయింది. వాళ్ళలో చాలామంది మామూలు పనివాళ్ళు. మీరు ముగ్గురితో గడిపితే పక్షపాతం అవుతుందేమో. ఆ ముగ్గురూ తలా పది కుటుంబాల బాగు చూసుకుంటుంటే ఆ మాట ఎవరంటారు? మోషేకు ఆయన మామ యిత్రో ఇచ్చిన సలహా కూడా ఇదే కదా, నిర్గమ 18లో.

విశ్రాంత కాపరి

నేను ఆరేళ్ళ క్రితం సంఘాన్ని అప్పగించి పక్కకు తప్పుకున్నాను. అందుకని రాస్తున్నాను.

తొందరపడవద్దు. "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము" అని 1 తిమోతి 5:22, అంటే చేతులుంచి ఎవరినీ తొందరపడి పరిచర్యకు నియమించవద్దని. నేను ఏడుగురితో మొదలుపెట్టాను, ఇద్దరు వెళ్ళిపోయారు, ఇద్దరు మంచి విశ్వాసులుగా మిగిలారు, ముగ్గురు పెద్దలయ్యారు. ఎనిమిదేళ్ళు పట్టింది.

ఎవరిని ఎంచుకోవాలన్నది మీ ఒక్కరి కంటికి వదలకండి. లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులు తిమోతి గురించి మంచి సాక్ష్యం చెప్పారు, ఆ తర్వాతే పౌలు వెంట తీసుకెళ్ళాడు. నేనైతే పెద్దల్ని అడిగాను, వాళ్ళ భార్యల్ని కూడా అడిగాను. బాగా మాట్లాడే ఒకణ్ణి ఆ మాటల మీదే పక్కన పెట్టాను. అది సరైన నిర్ణయమని తర్వాత తెలిసింది.

మొదట వెంట తీసుకెళ్ళండి. ఆసుపత్రికి, చావు ఇంటికి, విడిపోదామనుకుంటున్న భార్యాభర్తల దగ్గరికి (వాళ్ళు ఒప్పుకుంటేనే). తిరిగి వచ్చే దారిలో మాట్లాడండి. మార్కు 9లో కొండ కింద శిష్యులు దయ్యం పట్టిన ఒక పిల్లవాణ్ణి బాగుచేయలేక అందరి ముందు ఓడిపోయారు. 'మేమెందుకు చేయలేకపోయాం' అని ఇంట్లోకి వెళ్ళాక ఏకాంతంగా అడిగారు, యేసు అక్కడ చెప్పారు. సరిదిద్దడం ఎప్పుడూ తలుపు వేసుకుని చేయండి.

సంఘం కొత్తవాణ్ణి మీతో పోలుస్తుంది. అప్పుడు మీరు అడ్డుగా నిలబడాలి. కొరింథులాంటి కష్టమైన సంఘానికి పౌలు రాశాడు, తిమోతి వస్తే అతను మీ దగ్గర నిర్భయంగా ఉండేలా చూసుకోండని. నా తర్వాత వచ్చిన కాపరి మీద ఫిర్యాదులతో మా ఇంటికి వచ్చినవాళ్ళను మొదటి ఏడాది నేను కూర్చోబెట్టి విన్నాను. అది నేను చేసిన తప్పు. నేను వినడం వల్లే అవి పెరిగాయి. ఇప్పుడు "ఆయన దగ్గరికే వెళ్ళి చెప్పండి, కావాలంటే నేనూ వస్తాను" అంటాను. ఆ మాట నోట రావడానికి నాకు చాలా ప్రార్థన పట్టింది.

యువ పరిచారకుడు

విశ్రాంత కాపరి గారూ, మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసి ధైర్యం వచ్చింది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు అన్న మాట గుర్తొచ్చింది. ఆస్తులిచ్చారు, శరీరాలను కూడా అర్పించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. మిషనరీలకూ స్థానిక సేవకులకూ మధ్య ఉన్న దూరం గురించి ఆయన అన్నారు. రెండేళ్ళ తర్వాత 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. మాలాంటి కుర్రవాళ్ళు పెద్దల్ని అడిగేది కూడా అదే అయ్యగారూ.

పాత కాపరి

నెల తర్వాత రాస్తున్నాను.

పెద్దలతో, మా ఆవిడతో కలిసి ప్రార్థన చేసి ముగ్గుర్ని అడిగాం. ఒకతను ఎలక్ట్రీషియన్. ఒకతను బ్యాంకులో చేస్తాడు. మూడో అతనికి నైట్ షిఫ్టులు, అందుకని తెల్లవారుజామున అతని డ్యూటీ దిగే దగ్గరికి నేనే వెళ్తున్నాను. డాక్టర్ గారు నడవమన్నారు కూడా. రాత్రి డ్యూటీ తమ్ముడూ, ఇది నీ పోస్టు చదివే మొదలుపెట్టాను. అతను మొదటి రోజు నన్ను అడిగింది వాక్యం గురించి కాదు, అప్పు గురించి. దాని గురించే రెండు వారాలు మాట్లాడుకున్నాం, ప్రార్థన చేసుకున్నాం.

పోయిన గురువారం బిడ్డను కోల్పోయిన ఒక ఇంటికి ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ణి వెంట తీసుకెళ్ళాను. ప్రార్థన చేయమంటే అతనికి మాట రాలేదు. ఆ తండ్రి చేయి పట్టుకుని ఏడ్చాడు. దారిలో "అయ్యగారూ, చెడగొట్టేశాను" అన్నాడు. 22 ఏళ్ళలో ఆ తండ్రి అంత మెత్తబడటం నేనెప్పుడూ చూడలేదని అతనితో చెప్పాను.

బ్యానర్ తీసేశాం. కానుకల పుస్తకం ముగ్గురికీ చూపించాను.

వచ్చే ఆదివారం బ్యాంకు తమ్ముడు వాక్యం చెబుతున్నాడు, 1 పేతురు 5 మీద. రెండుసార్లు మా ఇంట్లో కూర్చుని సిద్ధపడ్డాం. అతని కంటే నాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. విశ్రాంత కాపరి గారూ, ఒక చిన్న ప్రశ్న. అతను చెబుతున్నప్పుడు నేను వేదిక మీద కూర్చోవాలా, కింద కూర్చోవాలా?

విశ్రాంత కాపరి

కింద, అమ్మగారి పక్కన కూర్చోండి. మరీ ముందు వరస వద్దు, మూడో వరసలో అయితే తలెత్తినప్పుడు మీరు కనబడతారు. నోట్సు రాయకండి, మార్కులు వేస్తున్నారనుకుంటాడు. బైబిల్ తెరిచి పెట్టుకుని అతని వైపే చూడండి. మాట తడబడితే కళ్ళు దించుకోకండి. అయిపోయాక మైకు తీసుకుని మీరు మళ్ళీ వివరించకండి, ఆశీర్వాదం కూడా అతన్నే చెప్పనివ్వండి. ఆదివారం పది గంటలకు నేను ఇక్కడి నుంచి మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తుంటాను.